మా ఈకో వ్యానుకి సీఎన్‌జీ గ్యాస్ కిట్ వేయించాను: ఒక ఫ్రిజ్ మెకానిక్ అనుభవం

నేను ఫ్రిజ్‌లు, ఏసీలు, డీప్ ఫ్రీజర్లు రిపేరు చేస్తాను. నెల్లూరు మూలాపేటలో చిన్న షాపు ఉంది కానీ పనంతా షాపు బయటే. పొద్దున కోవూరు, మధ్యాహ్నం ముత్తుకూరు, సాయంత్రం మైపాడులో చేపల అంగడి. ఇక ఎండాకాలం వచ్చిందంటే అన్నం తినే తీరిక ఉండదు. ఏసీ ఆగిన ఐదు నిమిషాలకే జనానికి నేను గుర్తొస్తాను. దీనికంతటికీ ఒక ఈకో వ్యాను. 2018 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో బ్యాంకు అప్పుతో కొన్నాను. అందులో వాక్యూమ్ పంపు, ఏసీ గ్యాస్ సిలిండర్లు, పైపులు అతికించే బ్రేజింగ్ సెట్టు, ఎవరో ఒకరి పాత కంప్రెసర్ ఎప్పుడూ ఉండేవి. ముందు సీట్లో నా దగ్గర పనిచేసే మా కుర్రాడు.

బంకు బిల్లులు డాష్‌బోర్డు అరలో కుక్కడం నా అలవాటు. 2023 మార్చిలో ఒక ఆదివారం బండి కడుగుతూ మా ఆవిడ వాటన్నిటినీ బయటికి తీసి, కూర్చుని కూడింది. నెలకు ఇరవై రెండు వేలు దాటింది. "మనం సంపాదిస్తా ఉండేది మన కోసమా, బంకోడి కోసమా?" అంది. సమాధానం నా దగ్గర లేదు. అప్పుడు మా దగ్గర లీటరు పెట్రోలు 111 రూపాయలు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. తడ దాటి తమిళనాడులో పోయించుకుంటే ఎనిమిది, తొమ్మిది రూపాయలు తక్కువ అని చెన్నై లోడు తోలేవాళ్లు చెబుతూనే ఉంటారు. నాకు ఆ పక్క పనే తగలదు.

గ్యాస్‌కి మారదామనుకుంటున్నానని అనగానే మొదట వచ్చిన సలహా ఏంటో తెలుసా? ఇంటి సిలిండర్! వంటకు వాడే ఎర్ర సిలిండర్ వెనక పడేసి, ఏదో రెగ్యులేటరు పెట్టి తోలేయమని. పాత ఓమ్నీలు అలా తిరగడం నేను చూశాను. అది చట్టానికి విరుద్ధం అన్నది ఒక సంగతి. వంట గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే బండి అడుగునే మడుగు కట్టినట్టు నిలిచిపోతుంది, ఎక్కడికీ పోదు. రోజూ గ్యాస్‌తోనే బతికేవాణ్ణి కాబట్టి ఆ సలహా ఇచ్చినవాడితో వాదన కూడా పెట్టుకోలేదు.

సీఎన్‌జీ, అంటే గట్టిగా కుదించి నింపే సహజ వాయువు గురించి అంతకు ముందు ఏడాదే ఆలోచించి మానేశాను. 2022లో దాని ధర కూడా పెట్రోలుతో పందెం వేసినట్టు పెరుగుతూ పోయింది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం గ్యాస్ ధరకు కొత్త లెక్క పెట్టాక కాస్త దిగింది, మా బంకులో కిలో 90 దగ్గర ఆగింది. అప్పుడు కాగితం, పెన్ను తీసుకున్నాను. రోజుకు వంద కిలోమీటర్లు. సామాను బరువుతో, ఊళ్లో ట్రాఫిక్‌తో నా బండి లీటరుకు పన్నెండున్నర మించి ఇవ్వదు. అంటే 8 లీటర్లు, 888 రూపాయలు. గ్యాస్ మీద కిలోకు 18 కిలోమీటర్లు వేసుకున్నా ఐదున్నర కిలోలు, 495 రూపాయలు. రోజుకు 390 మిగులు. నెలకు పాతిక రోజులు తిరిగితే తొమ్మిదిన్నర వేల పైనే. కిట్ వాళ్లు చెప్పిన ధర 56 వేలు. ఆరు నెలలు దాటేసరికి కిట్ ఊరికే వచ్చినట్టే కదా అనుకున్నాను. ఈ లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత చెబుతాను.

ముందుగా ఆటోనగర్‌లో మా పాత మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన చేసిన మేలు ఇంకెవరూ చేయలేదు. "అన్నా, కిట్ సంగతి తర్వాత, ముందు ఇంజిన్ ఏ స్థితిలో ఉండాదో చూడాల" అని కంప్రెషన్ చూశాడు, రేడియేటర్ నీళ్లు ఎక్కడైనా కారుతున్నాయేమో చూశాడు, వాల్వుల సెట్టింగ్ చూశాడు, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు మీద కనపడని జబ్బులన్నీ గ్యాస్ మీద బయటపడతాయట. గ్యాస్ అంటుకోవడానికి ప్లగ్గు దగ్గర ఎక్కువ వోల్టేజి కావాలి, అందుకే ప్లగ్గు గ్యాప్ కొంచెం తగ్గించి పెట్టాడు. గ్యాస్ పొడి ఇంధనం, పెట్రోలులా వాల్వులకు తడి తగలదు, వేడి ఎక్కువ, కాబట్టి వాల్వులు అరుగుతాయని కూడా ఆయనే చెప్పాడు. ఇదంతా మూడున్నర వేలు అయింది. ఆ డబ్బు దండగ కాలేదు.

కిట్ కోసం నెల్లూరులో రెండు చోట్ల, ఒంగోలులో ఒకచోట అడిగాను. అందరూ గ్యారంటీ గురించి, ఇటలీ సామాను గురించి చెప్పారు. నేను అడిగింది ఒకే కాగితం: ఆ కిట్‌ని పరీక్షించి ప్రభుత్వ పరీక్షా సంస్థ ఇచ్చిన అనుమతి, అదే టైప్ అప్రూవల్. ఈ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది, ఏ మోడల్ బండ్లకో, ఎన్ని సీసీల ఇంజిన్లకో అందులో రాసి ఉంటుంది. ఒక షాపులో చూపించిన జిరాక్స్ మీద గడువు అయిపోయి నాలుగు నెలలు. అడిగితే "రెన్యూవల్‌కి పెట్టామన్నా, ఏం కాదు" అన్నాడు. ఆర్టీఓ ఆఫీసులో ఏమవుతుందో వాడికి తెలుసు, నాకూ తెలుసు. లేచి వచ్చేశాను. నా బండి బీఎస్-4, అంటే పొగ విషయంలో పాత ప్రమాణం బండి కాబట్టి దానికి కిట్‌లు సులువుగానే దొరికాయి. బీఎస్-6 బండ్లకు బయట కిట్ వేయించుకోవడానికి 2022లోనే అనుమతి వచ్చింది. అలాంటి బండి ఉన్నవాళ్లు తమ మోడల్ పేరు ఆ కాగితంలో ఉందో లేదో ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

అసలు తలనొప్పి సిలిండర్ ఎక్కడ పెట్టాలన్నది. అరవై లీటర్ల సిలిండర్ వెనక సీటు వెనకాల అడ్డంగా కూర్చుంటుంది. అంటే నా సామాను స్థలంలో సగం పోయినట్టే. ఇంకో సంగతి, నా బ్రేజింగ్ సెట్టు. చిన్న ఆక్సిజన్ సిలిండర్, చిన్న ఎల్‌పీజీ సిలిండర్ అప్పటిదాకా ఎప్పుడూ బండిలోనే ఉండేవి. వాటిని తీసుకెళ్లి సీఎన్‌జీ సిలిండర్ పక్కన ఆనించి పెడితే ఇక చెప్పేదేముంది! చివరికి బ్రేజింగ్ సెట్టు షాపులో ఉంచేసి, పైపు అతికించే పని ఉందని తెలిసిన రోజే వేసుకెళ్లడం మొదలుపెట్టాను. అలా వేసుకెళ్లిన రోజున అది ముందు పక్క నిలబెట్టి, గొలుసుతో కట్టి ఉంటుంది. మా కుర్రాడు కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. దీనివల్ల నెలలో రెండు మూడుసార్లు ఊరికే షాపుకి తిరిగి రావాల్సి వస్తోంది. ఈ తిరుగుడు నా మొదటి లెక్కలో లేదు.

కాగితం సరిగ్గా ఉన్న షాపులోనే కిట్ వేయించాను. బిగించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. నేను పని మానుకుని అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. వాళ్లకు నచ్చలేదు కానీ నా బండి, నా ఇష్టం. గాలి లోపలికి పోయే మానిఫోల్డ్‌కి నాలుగు రంధ్రాలు వేసి నాజిళ్లు పెట్టారు. సిలిండర్ నుంచి బండి అడుగుగా స్టీలు పైపు ముందుకి తెచ్చారు. ఇంజిన్ గదిలో గ్యాస్ ప్రెషర్ తగ్గించే రెడ్యూసర్ పెట్టి, దానికి రేడియేటర్ వేడినీళ్ల గొట్టాలు తగిలించారు. ఇది చూసి మా కుర్రాడు "గ్యాస్‌కి వేడినీళ్లెందుకన్నా?" అన్నాడు. మా పనిలో ఉన్నవాడు అడగాల్సిన ప్రశ్న కాదు అది! ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న గ్యాస్ ఒక్కసారిగా తక్కువకి దిగితే చల్లబడుతుంది, ఫ్రిజ్‌లోనూ చలువ పుట్టేది ప్రెషర్ దిగిన చోటే. ఇక్కడ ఆ చలువ మనకొద్దు, రెడ్యూసర్ గడ్డకట్టి గ్యాస్ ఆగిపోతుంది. అందుకే వేడినీళ్లు. ఇంజిన్ పెట్రోలు మీద స్టార్టయి, వేడెక్కిన తర్వాతే గ్యాస్‌కి మారేది కూడా అందుకే. చివర్లో లాప్‌టాప్ తగిలించి, రోడ్డు మీద తోలుతూ ట్యూనింగ్ చేశారు.

మూడో రోజు పొద్దున తలుపు తీయగానే కుళ్లిన గుడ్డు వాసన. సీఎన్‌జీకి స్వతహాగా వాసన లేదు, లీకు తెలియాలనే ఆ కంపు కలుపుతారు. నేను అలవాటు ప్రకారం వంగి, ముక్కు బండి అడుగున పెట్టాను. ఏసీ గ్యాస్ ఏదైనా కిందికే దిగుతుంది, ఇరవై ఏళ్లుగా లీకు వెతికేది కిందే. అడుగున ఏమీ లేదు. తల ఎత్తేసరికి పైకప్పు దగ్గర గుప్పుమంది. సీఎన్‌జీ గాలికన్నా తేలిక, పైకి పోతుంది. తెలిసిన విషయమే, కానీ ఒంటికి ఇంకా తెలియలేదు. స్విచ్ ఏదీ ముట్టుకోకుండా తలుపులన్నీ బార్లా తీసి, సిలిండర్ దగ్గరున్న వాల్వు చేత్తో కట్టేశాను. మా సందులో చుట్ట తాగే పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని కాసేపు లోపలికి పొమ్మని బతిమాలుకున్నాను.

గాలి ఆడాక వాల్వు కొంచెం తెరిచి, సర్ఫ్ నురగ బ్రష్‌తో రాశాను. మా వృత్తిలో దీన్ని మించిన మిషన్ లేదు. సిలిండర్ వాల్వు దగ్గర పైపు బిగించిన చోట చిన్న బుడగలు వస్తూ ఉన్నాయి. సిలిండర్ బండి లోపలే ఉంటుంది కాబట్టి ఆ వాల్వుకి ఒక ప్లాస్టిక్ సంచి తొడుగుతారు, లీకైన గ్యాస్ గొట్టం గుండా బయటికి పోవాలని. నా బండిలో ఆ సంచి క్లిప్పు బిగించడం మరిచారు. జాయింటు ఒక తప్పు, క్లిప్పు రెండో తప్పు. చేతిలో స్పానర్ ఉంది, పావు చుట్టు తిప్పితే ఆగుతుందేమో అని చెయ్యి లాగింది. తిప్పలేదు. ఏసీలో ఎక్కువ ప్రెషర్ ఉండే పక్క, అదే మా హై సైడు గేజ్‌లో 400, 450 పీఎస్ఐ కనపడితేనే ఒక అడుగు వెనక్కి వేస్తాం. ఇక్కడ సిలిండర్‌లో 200 బార్, అంటే 2,900 పీఎస్ఐ. ప్రెషర్ మీద ఉన్న జాయింటు ఎవరూ తిప్పకూడదు. కిట్ వాళ్లను పిలిస్తే వచ్చి, పైపు ఖాళీ చేసి, జాయింటులో ఉండే ఫెర్రూల్ రింగు మార్చి, క్లిప్పు బిగించారు. డబ్బు అడగలేదు, సారీ కూడా చెప్పలేదు. ఆ తర్వాత వారం రోజులు ప్రతి పొద్దునా నురగ రాశాను. ఇప్పుడు నెలకోసారి రాస్తాను.

ఇక కాగితాలు. కిట్ వేసిన 14 రోజుల్లోపల ఆర్టీఓకి తెలియజేయాలి, ఆర్‌సీలో ఇంధనం దగ్గర సీఎన్‌జీ చేరాలి. కిట్ అప్రూవల్, బిగించినవాళ్ల సర్టిఫికెట్, సిలిండర్ పరీక్ష కాగితం, బిల్లు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ ఫైల్లో పెట్టుకుని స్లాటు రోజున బండితో సహా వెళ్లాను. బండి మీద అప్పు ఉంది కదా, బ్యాంకు నుంచి అభ్యంతరం లేదనే లెటర్ ఏదీ అన్నారు. కిట్ వాళ్లు ఆ మాటే చెప్పలేదు. బ్యాంకులో అడిగితే ఇలాంటి లెటర్ తామెప్పుడూ ఇవ్వలేదని, పైకి రాయాలని అన్నారు. నాలుగుసార్లు తిరిగాక, మేనేజరు గారి ఇంట్లో ఏసీ నీళ్లు కారుతోందని మాటల్లో తెలిసింది. ఆయన అడగలేదు, నేనే వెళ్లి డ్రెయిన్ పైపు ఊది వచ్చాను. లెటర్ మర్నాడు వచ్చింది. దీన్ని లంచం అనాలో సర్వీసు అనాలో నాకిప్పటికీ తెలియదు. రెండో స్లాటులో ఇన్‌స్పెక్టరు సిలిండర్ మీద నంబరు, కాగితం మీద నంబరు సరిపోల్చి చూశారు, పది నిమిషాల్లో పంపేశారు. కొద్ది రోజులకు ఫోన్‌లో ఆర్‌సీ తెరిస్తే పెట్రోల్/సీఎన్‌జీ అని కనపడింది.

ఇన్సూరెన్స్‌లో కిట్ రాయించడం చాలామంది వదిలేస్తున్నారు. వదలకండి. కిట్ ఉన్నట్టు పాలసీలో లేకపోతే రేపు బండికి ఏమైనా అయితే క్లెయిము ఎగ్గొట్టడానికి వాళ్లకు అదొక్కటి చాలు. మా ఏజెంటు వేసిన లెక్క ప్రకారం కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీ కింద ఇంకో 60 రూపాయలు, పైన జీఎస్టీ. అన్నీ కలిపి నాకైన ఖర్చు 62 వేలు తేలింది.

కిట్, ఆర్టీఓ, బ్యాంకు ఇవన్నీ ఒకసారి పడితే అయిపోయే పాట్లు. రోజూ పడేది బంకు దగ్గర. నేను గ్యాస్ నింపించుకునే బంకుకి పైపులైను లేదు. మదర్ స్టేషన్ అనే పెద్ద స్టేషన్ నుంచి లారీ మీద సిలిండర్ల గుత్తి వస్తుంది, దాన్ని కాస్కేడ్ అంటారు. లారీ వచ్చిన కొత్తలో మన సిలిండర్ 200 బార్ దాకా నిండుతుంది. ఆటోలన్నీ తాగేశాక గుత్తిలో ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు వెళ్తే 130, 140 దగ్గర ఆగిపోతుంది. తొమ్మిది కిలోలు పట్టే చోట ఆరు కిలోలతో బయటపడతాం. బిల్లు కిలోల లెక్కే కాబట్టి మోసం లేదు, కానీ మళ్లీ రేపు అదే క్యూ. మొదటి వారంలో ఒక సాయంత్రం గంటా పది నిమిషాలు నిలబడ్డాను. నా ముందు ముప్ఫై ఆటోలు. ఆ గంటలో బుచ్చిరెడ్డిపాళెంలో నాకు రావాల్సిన ఒక గ్యాస్ చార్జింగ్ పని పోయింది. ఆ పని మీద వచ్చేది, సీఎన్‌జీ వల్ల నాలుగు రోజుల్లో మిగిలేదానికి సమానం.

తర్వాత బంకులో కుర్రాడితో స్నేహం చేసుకున్నాను. వాళ్లమ్మ ఫ్రిజ్‌కి గ్యాస్కెట్ మార్చాను లెండి. లారీ రాగానే "బండొచ్చిందన్నా, రావాల" అని ఫోన్ చేస్తాడు. ఎక్కువగా తెల్లవారుజామున ఐదింటికో, రాత్రి పదింటికో. రోహిణి కార్తెలో ఇంకో విచిత్రం చూశాను. మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో పట్టిస్తే మీటరు 200 చూపిస్తుంది కానీ కిలోలు తక్కువ ఎక్కుతాయి. సైకిలుకి గాలి కొడుతుంటే పంపు అడుగున చుర్రుమంటుందే, అలాగే నింపేటప్పుడు గ్యాస్ వేడెక్కుతుంది. వేడి గ్యాస్ తక్కువ బరువుతోనే ఎక్కువ ప్రెషర్ చూపిస్తుంది. తెల్లవారుజామున పట్టిస్తే అదే 200కి అర కిలో పైన తేడా కనపడింది. అందుకని ఇప్పుడు నేను ఐదింటి మనిషిని. నింపేటప్పుడు బండిలో ఎవరూ కూర్చోకూడదని దింపేస్తారు, మా కుర్రాడు ఆ చీకట్లో బంకు గట్టు మీద కూర్చునే నిద్రపోతాడు.

మైపాడులో జరిగింది నా స్వయంకృతం. గ్యాస్ ఉంది కదా అని పెట్రోలు పోయించడం మానేశాను. ఒక రాత్రి చేపల అంగడి డీప్ ఫ్రీజర్ బాగుచేసి బయటికొచ్చి తాళం తిప్పితే బండి గుర్రుమంటోంది, అంటుకోదు. సిలిండర్ నిండా గ్యాస్, ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. స్టార్టయ్యేదే పెట్రోలు మీద అన్నది నేనే అందరికీ చెబుతుంటాను మళ్లీ! అంగడాయన బైకు మీద పోయి సీసాలో పెట్రోలు తెచ్చేసరికి పదకొండు దాటింది. ఆయన డబ్బు తీసుకోలేదు, అరకిలో వంజరం పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. ఇప్పుడు ట్యాంకులో ఎప్పుడూ ఎనిమిది, పది లీటర్లు ఉంచుతాను. ట్యాంకు ఎండగొడితే లోపలి పెట్రోలు పంపు కూడా కాలిపోతుంది, దానికి చలువ ఆ పెట్రోలే.

బండి లాగుడు తగ్గింది, అది నిజం. పెన్నా బ్రిడ్జి మీద తెలియదు కానీ, సామాను నింపుకుని, ఏసీ వేసుకుని ఆత్మకూరు వైపు ఎక్కుడు వస్తే ఒక గేరు దించాల్సిందే. ఎవరినైనా దాటి పోవాలంటే ముందే లెక్క చూసుకోవాలి. సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు, అంటే నీళ్ల ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష తప్పనిసరి. తేదీ దాటితే బంకులో పట్టరు, పట్టకూడదు కూడా. ఆ తేదీ బండి మీద ప్లేటులో ఉంటుంది.

ఏడాది తిరిగాక మా ఆవిడ మళ్లీ బిల్లులు కూడింది. నెలకు తొమ్మిదిన్నర వేలు మిగలాల్సింది, ఆరువేల ఎనిమిది వందలు మిగిలింది. మిగతాది గ్యాస్ దొరకని రోజుల పెట్రోలు, పొద్దున్నే స్టార్టింగులు, బ్రేజింగ్ సెట్టు కోసం షాపుకి తిరుగుళ్లు తిన్నాయి. ఆరున్నర నెలల్లో వస్తుందనుకున్న డబ్బు తొమ్మిది నెలలకు వచ్చింది. నాకిది చాలు. అయితే రోజుకు వంద కిలోమీటర్లు తిరిగేవాడిని కాబట్టి చాలు.

మా బావమరిదికి పాత ఓమ్నీ ఉంది. దానిలో టెంటు సామాను వేస్తుంటాడు. "బావా, నాకూ వేయించు" అని వచ్చాడు. రోజుకు ఎంత తిరుగుతావురా అంటే ఇరవై, పాతిక అన్నాడు, అదీ పెళ్లిళ్ల కాలంలో. నీకు కిట్ డబ్బు రావాలంటే మూడేళ్లు పైనే, ఆ బండి అన్నాళ్లు ఉండదు, ప్లగ్గులు మార్చి టైర్లకు గాలి సరిగ్గా పట్టించుకో పో అన్నాను. నేను బాగుపడి వాణ్ణి ఆపుతున్నానని మనసులో పెట్టుకున్నాడు. పోయిన వారం వాళ్లింట్లో ఫ్రిజ్ ఆగిపోతే, నాకు చెప్పకుండా వేదాయపాలెం నుంచి వేరే మెకానిక్‌ని పిలిపించుకున్నాడట.